బరువు బ్యారెల్ ఏఆర్-15 కొనాలనుకుంటున్నారా? మేరీలాండ్ నుంచి ఒక జవాబు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీరు మేరీలాండ్‌లో ఉంటున్నారు, గ్రీన్ కార్డు వచ్చింది. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ శిబిరంలో .22 రైఫిల్‌తో కాల్చిన సరదా ఇంకా వదల్లేదు. ఏఆర్-15 రైఫిల్ కొందామని వెళితే దుకాణంవాళ్లు "ఈ రాష్ట్రంలో హెచ్‌బార్ మాత్రమే ఇవ్వగలం" అన్నారు. అంటే బ్యారెల్, అదే గుండు బయటికి వెళ్లే గొట్టం, మందంగా ఉండే రకం. ఆ మందపాటి బ్యారెల్ వల్ల నిజంగా గురి బాగుపడుతుందా, లేక చట్టం కోసం అనవసరంగా మోయాల్సిన బరువా అన్నది మీ సందేహం. ఏ తూటా వాడాలో, పోటీలకు పనికొస్తుందో లేదో కూడా అడిగారు.

పోటీలే మీ ధ్యేయమైతే నిశ్చింతగా కొనండి. అయితే బ్యారెల్ మందం గురిని తెచ్చిపెడుతుందన్న ఆశతో మాత్రం కొనకండి. మందం వల్ల దక్కేది నిలకడ. గురి వేరే చోట తయారవుతుంది, దాని ఖర్చూ వేరే.

మొదట చట్టం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే రైఫిల్ కాదు, గ్రీన్ కార్డే పోతుంది. మేరీలాండ్ 2013లో చేసిన తుపాకుల భద్రతా చట్టం చాలా రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు కాల్చి, తర్వాతి తూటాను తామే ఎక్కించుకునేవి) అమ్మకాన్ని నిషేధించింది. నిషేధిత జాబితాలో కోల్ట్ ఏఆర్-15, దాన్ని పోలినవన్నీ ఉన్నాయి. అదే వాక్యంలో ఒక మినహాయింపు కూడా ఉంది: కోల్ట్ ఏఆర్-15 స్పోర్టర్ హెచ్‌బార్ రైఫిల్ తప్ప. హెచ్‌బార్ అంటే హెవీ బ్యారెల్. మీ దుకాణంవాళ్లు అన్న మాటకు మూలం ఈ నాలుగు పదాలే. ఇతర కంపెనీల బరువు బ్యారెల్ నమూనాలు కూడా ఈ దారిలోనే అమ్ముడవుతున్నాయి. ఈ చట్టాన్ని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2024 ఆగస్టులో సమర్థించింది, 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోవడానికి నిరాకరించింది. కాబట్టి "రేపో మాపో కొట్టేస్తారట" అన్న మాటలు నమ్మి ఏమీ చేయకండి.

కొన్న తర్వాత కూడా గుర్తుంచుకోవాల్సింది ఒకటి ఉంది. బరువుగా ఉందని తర్వాత సన్నటి బ్యారెల్ బిగించుకుంటే ఆ మినహాయింపుకు ఆధారమే పోతుంది. మడిచే స్టాకు (భుజానికి ఆనించే వెనక భాగం), బ్యారెల్ మూతి దగ్గర మంటను తగ్గించే పరికరం, గ్రనేడ్ లేదా ఫ్లేర్ లాంచర్, ఈ మూడింటిలో ఏ రెండు ఉన్నా, ఊడదీసే మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) ఉండి తూటా అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే సెంటర్‌ఫైర్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ వేరే నిబంధన కింద నిషేధంలోకి వస్తుంది. పది తూటాలకు మించి పట్టే మ్యాగజైన్లను ఈ రాష్ట్రంలో అమ్మకూడదు, కొనకూడదు. ఇవన్నీ మారుతూ ఉంటాయి కాబట్టి కొనే రోజున మేరీలాండ్ స్టేట్ పోలీసుల వెబ్‌సైటు ఒకసారి చూసుకోండి. దుకాణంవాడి మాట, నా మాట రెండూ దాని తర్వాతే.

వాషింగ్టన్ డీసీ మీకు పక్కనే ఉంటుంది, కానీ ఈ రైఫిల్‌తో అందులో అడుగు పెట్టకండి. అక్కడి చట్టం పూర్తిగా వేరు, హెచ్‌బార్ అన్న మాట అక్కడ మిమ్మల్ని కాపాడదు. ఏ పొరుగు రాష్ట్రానికి వెళ్లినా ముందు ఆ రాష్ట్ర చట్టం చదవండి. కారులో తూటాలు తీసేసి, తాళం వేసిన పెట్టెలో, డిక్కీలో ఉండాలి.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనడానికి ఫెడరల్ చట్టంలో అడ్డు లేదు. దుకాణంలో 4473 అనే ఫారం నింపుతారు, అందులో గ్రీన్ కార్డు మీద ఉండే ఏలియన్ నంబరు రాస్తారు, నేర చరిత్ర తనిఖీ అవుతుంది. రైఫిల్‌కు మేరీలాండ్ హ్యాండ్‌గన్ అర్హత లైసెన్సు అవసరం లేదు, అది పిస్తోళ్లకే. ఫారంలో గంజాయి వాడకం గురించి ప్రశ్న ఉంటుంది. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఫెడరల్ చట్టం దృష్టిలో ఆ సడలింపు లేదని ఆ ఫారంలోనే రాసి ఉంటుంది. ఇక్కడ అబద్ధం రాయడమే పెద్ద నేరం. ఆయుధ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవారిని సైతం దేశం నుంచి పంపించవచ్చని ఇమిగ్రేషన్ చట్టం చెబుతోంది.

మీకు సంబంధం లేకపోయినా, ఇది చదివే మనవాళ్లలో హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవారు చాలామంది ఉంటారు కాబట్టి వాళ్ల కోసం ఒక మాట. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకి కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. "కొనడం లేదు కదా, రేంజిలో (కాల్పుల సాధన చేసే చోట) అద్దెకు తీసుకుని కాలుస్తాం" అంటారు. చేతిలో పట్టుకోవడమే కలిగి ఉండటం కిందకు వస్తుంది. వారాంతంలో స్నేహితులతో రేంజికి వెళ్లి ఫొటోలు పెట్టే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు గుబులు పుడుతుంది. ఆ ఫొటోయే సాక్ష్యమని వాళ్లకు తెలియదు.

ఇక బ్యారెల్ విషయానికి వస్తాను.

తూటా పేలినప్పుడు బ్యారెల్ వణుకుతుంది. ఉక్కు కడ్డీ ఎంత లావుగా ఉంటే అంత తక్కువగా వంగుతుంది. వ్యాసం కొంచెం పెరిగినా బిగువు చాలా ఎక్కువ పెరుగుతుంది. మధ్య రంధ్రాన్ని లెక్కలోంచి పక్కన పెడితే వ్యాసం రెట్టింపైన కడ్డీకి బిగువు పదహారు రెట్లు. అందుకే మందపాటి బ్యారెల్ వణుకు చిన్నది. కానీ మంచి ఉక్కుతో, నేర్పుతో చేసిన సన్నటి బ్యారెల్ కూడా చల్లగా ఉన్నప్పుడు మొదటి కొద్ది గుండ్లను అంతే దగ్గరగా వేస్తుంది. నాసిరకం మందపాటి బ్యారెల్ కంటే అదే నయం. లోపలి మరలు (గుండును తిప్పే గాడులు), చాంబర్ (తూటా కూర్చునే గది) కోత, మూతి దగ్గర అంచు ఎంత శుభ్రంగా ఉన్నాయన్నదే లక్ష్యం మీద పడే గుండ్ల గుంపు ఎంత బిగువుగా వస్తుందో తేలుస్తుంది. పైమందం తర్వాతి మాట.

తేడా వేడెక్కాక తెలుస్తుంది. పల్చటి రేకు పెనం మీద రెండో దోసెకే మాడుతుంది, దళసరి ఇనుప పెనం నిదానంగా కాగి అదే తీరులో నిలబడుతుంది. బ్యారెల్ సంగతీ అంతే. నిమిషంలో పది గుండ్లు కాల్చే పోటీలో సన్నటి బ్యారెల్ వేడెక్కే కొద్దీ ఉక్కులో మిగిలిపోయిన ఒత్తిళ్లు సడలి గుండ్లు ఒక పక్కకు జరుగుతూ పోతాయి. మందపాటిది ఆలస్యంగా వేడెక్కుతుంది కాబట్టి పదో గుండు కూడా మొదటిదాని పక్కనే పడుతుంది. అయితే ఒకసారి కాగాక చల్లారడానికి కూడా దానికి ఎక్కువ సేపు పడుతుంది. సాధన చేసేటప్పుడు ఈ సంగతి మరిచిపోయి వరసగా కాలుస్తూ పోతే బ్యారెల్ గొంతు, అంటే చాంబర్ ముందు మరలు మొదలయ్యే చోటు, త్వరగా అరిగిపోతుంది.

రెండో లాభం బరువే. 20 అంగుళాల హెచ్‌బార్ ఖాళీగా సుమారు 8 పౌండ్లు, అంటే మూడున్నర కిలోలు దాటుతుంది. అందులో చాలా భాగం ముందు వైపు ఉంటుంది. నిలబడి కాల్చేటప్పుడు ఈ ముక్కు బరువు మీ చేతుల చిన్న చిన్న అదుర్లను మింగేస్తుంది, ట్రిగ్గర్ నొక్కే కుదుపుకు రైఫిల్ తొందరగా స్పందించదు. మీరు మోత అంటున్నారు గానీ, ఇనుప గురితో, అంటే స్కోపు లేకుండా, కాల్చే పోటీ షూటర్లు స్టాకులో, హ్యాండ్‌గార్డు (ముందు చేత్తో పట్టుకునే తొడుగు) కింద కావాలని సీసం దిమ్మెలు పెట్టుకుంటారు. స్కోపుతో (దూరాన్ని దగ్గరగా చూపే గొట్టంతో) కాల్చే సర్వీస్ రైఫిళ్లకు, అంటే సైన్యం వాడే రకాన్ని పోలిన పోటీ రైఫిళ్లకు, 11.5 పౌండ్ల గరిష్ఠ పరిమితి పెట్టాల్సి వచ్చిందంటే ఆ మోజు ఎంతదో ఊహించుకోండి.

వేటకు మాత్రం ఇది నప్పదు. కొండల్లో, బురదలో రోజంతా భుజాన వేసుకు తిరగడానికి తేలికైన బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకూ చేత్తో పిడి లాగే) రైఫిలే మేలు. పైగా మేరీలాండ్‌లో కొన్ని కౌంటీల్లో జింకల వేటకు ఇలాంటి రైఫిళ్లకు అనుమతే లేదు.

చాంబర్, తూటాల సంగతి దుకాణంలో ఎవరూ సరిగా చెప్పరు. .223 రెమింగ్టన్, 5.56 నాటో తూటాలు బయటికి ఒకేలా ఉంటాయి. తేడా చాంబర్లో ఉంది. 5.56 చాంబర్‌లో గుండు మరలను తాకేముందు కొంచెం ఎక్కువ ఖాళీ ఉంటుంది. .223 చాంబర్‌లో ఆ ఖాళీ తక్కువ, అందులో 5.56 తూటా కాలిస్తే పీడనం ప్రమాదకరంగా పెరగవచ్చు. తలకిందులుగా చేస్తే, అంటే 5.56 చాంబర్‌లో .223 కాలిస్తే, ఇబ్బంది లేదు. రెండింటికీ మధ్యేమార్గంగా బిల్ వైల్డ్ రూపొందించిన .223 వైల్డ్ చాంబర్ ఉంది. పోటీకి కొనేవాళ్లకు నేను చెప్పేది అదే. బ్యారెల్ మీద ఏమి చెక్కి ఉందో కళ్లతో చూసి కొనండి.

బ్యారెల్ లోపలి మరలు ఎంత దూరానికి ఒక చుట్టు తిరుగుతాయో, అంటే వాటి మెలిక, కూడా అక్కడే రాసి ఉంటుంది. ఏడంగుళాలకు ఒక చుట్టు, ఎనిమిదికి ఒకటి, తొమ్మిదికి ఒకటి. బరువైన గుండు పొడవుగా ఉంటుంది, పొడవైన గుండు తిన్నగా పోవాలంటే వేగంగా తిరగాలి. తొమ్మిది అంగుళాల మెలిక 55, 62 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) గుండ్లకు చక్కగా సరిపోతుంది. 600 గజాలకు వాడే 77 గ్రెయిన్ల గుండుకు ఏడు లేదా ఎనిమిది కావాలి. మీకు పోటీల ఆలోచన ఉంది కాబట్టి ఎనిమిది అంగుళాల మెలిక, స్టెయిన్‌లెస్ బ్యారెల్ చూడండి. లోపల క్రోమ్ పూత వేసినవి ఎక్కువ కాలం మన్నుతాయి, తుప్పు పట్టవు. కానీ ఆ పూత అంతటా ఒకే మందంలో రాకపోవడం వల్ల సాధారణంగా గురిలో కొంత వెనకబడతాయి.

సాధనకు చవకైన 55 గ్రెయిన్ల తూటాలు చాలు. పచ్చ రంగు మొనతో వచ్చే 62 గ్రెయిన్ల తూటాలో ఉక్కు ముక్క ఉంటుంది. చాలా ఇండోర్ రేంజిల్లో కౌంటర్ దగ్గర అయస్కాంతం పెట్టి చూసి వెనక్కి పంపేస్తారు. పెట్టెలకు పెట్టెలు కొనే ముందు మీ రేంజి నియమం అడగండి.

పోటీల గురించి అడిగారు, నాకు ఇష్టమైన విషయం కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం అనే సంస్థ నడిపే సర్వీస్ రైఫిల్ పోటీలు మీకు సరిగ్గా సరిపోతాయి. దేశస్థాయి పోటీలు ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న క్యాంప్ పెరీలో జరుగుతాయి. అక్కడ ఈ సంప్రదాయం 1907 నాటిది. స్థానిక క్లబ్బుల్లో ఇదే పోటీ చిన్న ఎత్తున నడుస్తుంది. 200 గజాల నుంచి నిలబడి పది నిమిషాల్లో పది. అదే దూరం నుంచి కూర్చుని నిమిషంలో పది. 300 నుంచి పడుకుని 70 సెకన్లలో పది. చివరగా 600 గజాల నుంచి పడుకుని ఇరవై నిమిషాల్లో ఇరవై. మొత్తం 50 గుండ్లు, 500 పాయింట్లు. వేగంగా కాల్చే అంచెల్లో తూటాలను రెండు, ఎనిమిదిగా రెండు మ్యాగజైన్లలో నింపుతారు. పది తూటాల పరిమితి వల్ల పోటీలో మీరు కోల్పోయేది ఏమీ లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. షూటర్లు గురిని మినిట్లలో కొలుస్తారు, ఇది సమయం కాదు, కోణం. ఒక మినిట్ అంటే 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు, 600 దగ్గర ఆరంగుళాల పైచిలుకు. 600 గజాల లక్ష్యంలో పది పాయింట్ల వలయం 12 అంగుళాలు, అంటే దాదాపు రెండు మినిట్లు. 200 గజాల లక్ష్యంలో పది వలయం ఏడంగుళాలు, అంటే మూడు మినిట్లకు పైనే. ఒకటిన్నర మినిట్ల గుంపు వేసే మామూలు హెచ్‌బార్ కూడా సిద్ధాంతపరంగా అన్నీ పదులే వేయగలదు. మరి ఎందుకు వేయలేకపోతున్నాం? నిలబడ్డప్పుడు మన ఊగిసలాట ఆ ఏడంగుళాలు దాటుతుంది కాబట్టి. అర మినిట్ బ్యారెల్‌కు రెండింతలు ఖర్చు పెట్టినా అక్కడ మీకు ఒక్క పాయింటు కూడా కలిసిరాదు.

600 దగ్గర పోటీ అసలు గాలితో. గంటకు పది మైళ్ల గాలి అడ్డంగా వీస్తే 77 గ్రెయిన్ల గుండు మూడడుగుల దాకా పక్కకు కొట్టుకుపోతుంది. లక్ష్యంలో నల్లటి వృత్తం మొత్తం వెడల్పే అంత ఉంటుంది. గాలి చదవడం ఏ బ్యారెల్ నేర్పదు. జెండాలు, గడ్డి, టెలిస్కోపులో కనిపించే ఎండమావి అలలు చూసి చూసి పట్టుబడాలి. ఏ రోజు, ఏ గాలికి, గురి సర్దే మరను ఎన్ని క్లిక్కులు తిప్పారో ఒక పుస్తకంలో రాసుకోండి. సగం సమయం మీరు లక్ష్యాల కింద గోతిలో ఉండి ఇతరుల లక్ష్యాలు దించడం, రంధ్రాలు అతికించడం, మళ్లీ ఎత్తడం చేయాలి. కొత్తవాళ్లు దాన్ని చాకిరీ అనుకుంటారు. గాలి మారినప్పుడు వరసలోని లక్ష్యాలన్నింటి మీదా గుండ్లు ఒకే వైపు జరగడం అక్కడి నుంచే కనిపిస్తుంది.

పట్టీ గురించి కూడా చెప్పాలి. కూర్చుని, పడుకుని కాల్చేటప్పుడు తోలు పట్టీని జబ్బకు బిగిస్తారు. పాత తరహా హెచ్‌బార్‌లో ఆ పట్టీ కొక్కెం నేరుగా బ్యారెల్‌కే తగిలి ఉంటుంది, బిగించి లాగితే అంత మందపాటి బ్యారెల్ కూడా కొంచెం వంగి గుండ్లు కిందకు దిగుతాయి. అందుకే పోటీ రైఫిళ్లలో హ్యాండ్‌గార్డు లోపల బ్యారెల్‌ను తాకని గొట్టం ఒకటి పెడతారు, పట్టీ దానికి తగులుతుంది. ఇదీ, రెండు దశల్లో నొక్కే నాణ్యమైన ట్రిగ్గరూ, ఈ రెండింటికే మీరు మొదట డబ్బు పెట్టాలి. పోటీ నియమం ప్రకారం ట్రిగ్గర్ కనీసం నాలుగున్నర పౌండ్ల బరువును ఆపాలి, కాబట్టి మరీ తేలికైనది కొనకండి. 2016 నుంచి 4.5 రెట్ల వరకు పెంచి చూపే స్కోపును అనుమతిస్తున్నారు. నలభై దాటిన కళ్లకు ఆ నియమం పెద్ద వరం. మిగిలిన డబ్బంతా తూటాలకు ఉంచండి. ఒక బ్యారెల్ అరిగేలోపు కాల్చే తూటాల ఖర్చు రైఫిల్ ధరను ఎప్పుడో దాటిపోతుంది.

ఖర్చు లేని సాధన ఖాళీ రైఫిల్‌తో ఇంట్లో చేసేది. తూటాలు వేరే గదిలో పెట్టి, చాంబర్ ఖాళీ అని రెండుసార్లు కంటితో, వేలితో చూసుకుని, గోడ మీద చిన్న చుక్క పెట్టుకుని ట్రిగ్గర్ నొక్కండి. ఆ గోడ అవతల మనుషులు ఉండే గది కాకూడదు. ఏఆర్-15కు దీనివల్ల నష్టం లేదు. పై స్థాయి షూటర్లు అసలు తూటాలతో కంటే ఇలా చేసే సాధనే ఎక్కువ.

శుభ్రం చేసే విషయంలో అతి చేయకండి. ఈ రైఫిల్ పేలుడు వాయువును సన్నటి గొట్టం గుండా వెనక్కి తెచ్చి బోల్ట్‌ను, అంటే చాంబర్‌ను మూసే కదిలే ముక్కను, నడుపుతుంది, అందుకే మసి అంతా లోపలే చేరుతుంది. బోల్ట్ క్యారియర్, క్యామ్ పిన్నుల మీద నూనె తడిగా ఉంటే మసి ఉన్నా పనిచేస్తుంది, ఆరిపోతే మొరాయిస్తుంది. బ్యారెల్‌ను ఎప్పుడూ చాంబర్ వైపు నుంచే, కడ్డీకి గైడు పెట్టి తుడవండి. మూతి వైపు నుంచి కడ్డీ దోపి రుద్దితే ఆ అంచు అరిగి, మీరు డబ్బు పోసి కొన్న గురి పోతుంది. ఒక్కో తూటాను నేరుగా చాంబర్లో పడేసి బోల్ట్‌ను వదలకండి. ఈ రైఫిల్‌లో ఫైరింగ్ పిన్నుకు వెనక స్ప్రింగ్ ఉండదు, ఆ దెబ్బకు ముందుకు జారి, తూటా అడుగున దెబ్బ తగిలితే అంటుకునే ప్రైమర్‌ను తాకుతుంది. ఒక్కొక్కటిగా కాల్చడానికి మ్యాగజైన్ స్థానంలో పెట్టే ప్రత్యేకమైన పళ్లెం దొరుకుతుంది.

చెవుల గురించి మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. రైఫిల్ చప్పుడు 160 డెసిబెల్ స్థాయిది. 140 దగ్గరే ఒక్క దెబ్బకు శాశ్వత నష్టం మొదలవుతుంది. చెవుల లోపల నురుగు బిరడాలు, పైన చెవులను కప్పే మఫ్‌లు, రెండూ పెట్టుకోండి, ముఖ్యంగా పైకప్పు ఉన్న రేంజిలో. ప్రైమర్‌లో సీసం ఉంటుంది కాబట్టి కాల్చాక చేతులు, ముఖం సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినండి. ఇంట్లో పసిపిల్లలు ఉంటే ఆ బట్టలు విడిగా ఉతకండి.

ఇంట్లో పెట్టడానికి ఉక్కు బీరువా రైఫిల్ కంటే ముందే కొనండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు నింపిన తుపాకి అందుబాటులో ఉంచడం మేరీలాండ్‌లో నేరం. వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు, వారాంతాల్లో స్నేహితుల పిల్లలు ఇల్లంతా తిరుగుతారు. తాళం సంకేతం ఎవరికి తెలుసో ముందే తేల్చుకోండి. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన కుంగుబాటులో ఉంటే ఇప్పుడు కొనవద్దు, ఉన్నదాన్ని కూడా చట్టబద్ధంగా బయట భద్రపరిచే ఏర్పాటు చేయండి. అమెరికాలో తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే.

చివరిగా, రేంజికి తీసుకెళ్లే సంచిని ఊరి ప్రయాణాలకు వాడకండి. అడుగున మడతలో జారిపోయిన ఒక్క తూటా శంషాబాద్ విమానాశ్రయం స్కానర్‌లో బయటపడితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. మరిచిపోయానన్నది కోర్టులో చెప్పుకోవాల్సిన మాట. ఈలోగా విమానం వెళ్లిపోతుంది, పాస్‌పోర్టు పోలీసుల దగ్గర ఉంటుంది. రేంజికి వేరే రంగు సంచి కొని, దానిని బీరువా పక్కనే ఉంచండి.